తలనొప్పి లేని ఇల్లు

మా ఇంట్లో ఎవరికీ తలనొప్పి రాదు. జ్వరాలొస్తాయి, పళ్ళు పుచ్చుతాయి, నడుములు పట్టేస్తాయి, బ్రూనో అన్నయ్యకైతే కిడ్నీలో రాళ్ళు కూడా వచ్చాయి. తలనొప్పి మాత్రం రాదు. వచ్చినా రాలేదనే చెబుతాం. మాత్ర కొనాల్సొస్తే ఊళ్ళో మందుల షాపు దాటి, కొండ దిగి, మా మొహాలు ఎరగని చోట కొంటాం.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్పాలంటే అమ్మ దగ్గరికి వెళ్ళాలి. ఓ శీతాకాలం పందిని కోసిన రోజు ఇంటిల్లిపాదీ సాసేజీలు కూరుతుంటే, మాంసంలో ఉప్పు వెయ్యడం అమ్మ వంతు. వెయ్యలేదు. ఏడాదికి సరిపడా దాచినదంతా బూజు పట్టిపోయింది. అప్పటికి ఆమెకు నలభై మూడేళ్ళు. కొన్నాళ్ళకు నా పేరు మర్చిపోయింది, తరువాత చెంచా ఎందుకో మర్చిపోయింది, చివరికి మింగడం మర్చిపోయింది. అమ్మమ్మ కూడా అలాగే పోయిందట. అమ్మకు అక్క, అంటే బ్రూనో, ఇమ్మాల తల్లి, ఆమె కూడా అంతే. ఇటలీకి దక్షిణం కొసన, మా కలాబ్రియా కొండల్లో ప్రతి ఇంటికీ ఓ ఎక్కిరింపు పేరుంటుంది. మాది ‘మరుపోళ్ళు’. చర్చిలో ఫాదర్‌కి కూడా ముందు అదే నోట్లోకి వచ్చి నాలుక్కరుచుకుంటాడు.

ఇది రక్తంలో దిగే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. కింద పట్నం ఆసుపత్రిలో డాక్టర్ స్కాలీజే అనే ఆవిడ ఇరవై ఏళ్ళుగా మా కుటుంబం వెంటే పడి ఉంది. మా పుట్టుకలూ చావులూ మాకంటే ఆవిడకే బాగా తెలుసు. మెదడులో ఓ ప్రోటీన్ సరిగ్గా మడత పడక, పాలల్లో పిండి వేసి కలపడం మానేస్తే ఉండలు కట్టినట్టు ఉండలు కడుతుందని, వాటి చుట్టూ ఉన్న కణాలు చచ్చిపోతాయని ఆవిడే మాకు చెప్పింది. ఆ ఉండల్ని వెతికి పట్టుకునే యాంటీబాడీ ఒకటి తయారవుతోందనీ, అది వెళ్ళి అంటుకుంటే ఒంట్లోని శుభ్రం చేసే కణాలు వచ్చి ఊడ్చుకుపోతాయనీ చెప్పిందీ ఆవిడే.

ఆ యాంటీబాడీకీ మాకూ చుట్టరికం ఉంది. ల్యాబులో గాజు గొట్టాల్లో చేసిన ఉండలకు అంటుకునేవి వందల రకాలు దొరికాయట. మనిషి మెదడులోని అసలు ఉండల మీద వేస్తే దాదాపు అన్నీ జారిపోయాయట. గొట్టంలోదానిది ఒక ఆకారం, మనిషిలోదానిది ఇంకో ఆకారం. అప్పుడు అమ్మ మెదడు పలచటి ముక్కల మీద ఒక్కొక్క యాంటీబాడీనే వేసి చూసి, పట్టుకున్నవాటిని ఏరుకున్నారు. అమ్మ పోయిన రోజున ఆ మెదడు ఇవ్వడానికి సంతకం చేసింది నేనే. చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టని అమ్మని, ఉత్తరాన ఎక్కడో ఓ ల్యాబులో ఒక యాంటీబాడీ గుర్తుపట్టింది. ఆ మాట విన్నప్పుడు గర్వంగానూ ఉంది, ఒళ్ళు మండిపోయింది కూడా.

మనుషుల మీద ఆ మందు పరీక్ష మొదలైనప్పుడు మా ఇంట్లో నలుగురం చేరాం. నేను దొనాతాని, నా తమ్ముడు సవేరియో, మా పెద్దమ్మ పిల్లలు బ్రూనో, ఇమ్మా. ఆ జబ్బు మాకు ఉందో లేదో రక్తపరీక్షలో తేలిపోతుంది, కానీ మాలో ఎవరమూ ఆ జవాబు వినదలచుకోలేదు. వినకుండానే చేరవచ్చన్నారు. ఏర్పాటు ఇలా ఉంటుంది. రక్తంలో తప్పు లేనివాళ్ళకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. తప్పున్నవాళ్ళలో కొందరికి మందు, కొందరికి అదే ఉప్పునీళ్ళు. అన్ని సంచులకీ ఒకే గోధుమరంగు తొడుగు. ఎవరికి ఏది ఎక్కుతోందో నర్సుకీ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. అంటే ఏ జబ్బూ లేనివాడు కూడా నెలనెలా కొండ దిగి వచ్చి, చెయ్యి చాపి, గంటసేపు ఉప్పునీళ్ళు ఎక్కించుకుని పోవాలి, పక్క కుర్చీలోవాడి గుట్టు దాగడం కోసం. నాలుగో ఏడు నడుస్తోంది. నా మోచేతి మడతలో నరం తాడులా గట్టిపడిపోయింది. జాతరలో చిన్నపిల్లలు గుర్రాల బొమ్మల మీద తిరిగినట్టు అదే రోడ్డు, అవే మలుపులు, అదే కుర్చీ, వెనక సీట్లో మీకా పిన్ని కట్టుకొచ్చిన వంకాయ కూర వాసన. విసుగొచ్చింది అనే మాట కూడా చెప్పి చెప్పి విసుగొచ్చింది.

ఇక తలనొప్పి సంగతి. ఆ మందు కొందరికి మెదడులో వాపు తెస్తుంది. ఉండల్ని ఊడ్చేటప్పుడు రక్తనాళాలు కారతాయట. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అయితే కనిపెట్టి మందు ఆపాలి, ఆపకుండా ఎక్కిస్తూ పోతే మెదడులో నెత్తురు చిమ్మవచ్చు, ప్రాణం పోవచ్చు. తల నొప్పి పుట్టినా, చూపు మసకేసినా వెంటనే ఫోన్ చెయ్యండి అని నర్సు పీనా ప్రతిసారీ చిలకలా వల్లిస్తుంది. కానీ లెక్క ఎవరైనా వేసుకోగలరు. వాపు వచ్చిందంటే ఎక్కింది మందే. మందు ఎక్కిందంటే రక్తంలో తప్పు ఉన్నట్టే.

బ్రూనో అన్నయ్యకి రెండో ఏడు తలనొప్పి వచ్చింది. చెప్పాడు. స్కాన్ తీశారు, రెండు నెలలు సంచి ఎక్కించడం ఆపారు, మళ్ళీ మొదలుపెట్టారు. అతనికేం కాలేదు. కానీ ఆ రెండు నెలలు కొండ దిగే కారులో అతని సీటు ఖాళీగా ఉండటం ఊరంతా చూసింది, లెక్క ఊరంతా వేసింది. స్కూలు బస్సు నడిపేవాడు. ఎంతో మర్యాదగా, భుజం తట్టి మరీ, బస్సు తాళాలు వేరేవాడికిచ్చారు. భార్య పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళింది, ఇంకా రాలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరికీ తలనొప్పి రాదు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకా జబ్బు లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. నాకు ఓ చిన్న సెలూన్ ఉంది. ఎవరి జుట్టుకు ఏ రంగు, ఎవరి కోడలు ఏమంది, ఎవరి నెత్తి మీద ఎక్కడ పుట్టుమచ్చ, అన్నీ గుర్తే. ఇలాంటి తలలోకి మరుపు ఎలా వస్తుంది? ఆ నమ్మకం వెనకే ఇంకో భయం ఉండేది. అవకాశం సగమన్నారు కదా, మేమేమో ఇద్దరం, నేనూ తమ్ముడూ. నాకు లేదంటే వాడికి ఉన్నట్టే. లెక్క అలా కాదనీ, ఇద్దరికీ ఉండొచ్చు, ఇద్దరికీ లేకపోవచ్చనీ డాక్టర్ స్కాలీజే నాకు ఎన్నోసార్లు చెప్పింది. తల ఊపేదాన్ని. ఇంటికొచ్చి మళ్ళీ నా లెక్కే వేసుకునేదాన్ని. వాడి వంతు కూడా నేనే లాక్కుని బాగున్నట్టు వాడి మొహం చూడలేకపోయేదాన్ని.

సవేరియోకి ముప్పై ఆరేళ్ళు. వసంతంలో పెళ్ళి పెట్టుకున్నారు. పిల్ల పేరు లొరెదానా. వీడంటే ప్రాణం. వాళ్ళ నాన్నకు మాత్రం వీడి తలంటే ప్రాణం. ప్రతి ఆదివారం కాఫీ కప్పు చేతికిచ్చి “తల ఎలా ఉందోయ్” అని అడుగుతాడు, అల్లుడి జీతం అడిగినట్టు. బాగుందండీ అని వీడు నవ్వుతాడు.

నవంబరులో ఓ సోమవారం, సెలూన్ మూసే రోజు, వాడి జుట్టు కత్తిరించడానికి కూర్చోబెట్టాను. దీపం ఆర్పెయ్ అక్కా, వెలుతురు చాల్లే అన్నాడు. దువ్వెన పెట్టగానే మెడ బిగించాడు. అద్దంలో చూస్తే కళ్ళు మూసుకుని, పళ్ళు కొరుకుతున్నాడు. కోటు జేబులోంచి మాత్రల అట్ట జారి కింద పడితే, నేను తుడిచే నెపంతో వంగి తీసి మళ్ళీ జేబులోనే పెట్టాను. సగానికి పైగా ఖాళీ అయిపోయింది. పై వారమే మళ్ళీ సంచి ఎక్కించే రోజు.

చెప్పమంటే చెప్పడు. నేను చెబితే వాణ్ణి ఒక్కణ్ణే స్కాన్‌కి పిలుస్తారు, సాయంత్రానికల్లా లొరెదానా నాన్నకి తెలుస్తుంది. చెప్పకపోతే వాడి తలలో ఏం పగులుతుందో. రెండు రోజులు ఇదే లెక్క. ఎవరి జుట్టుకో వెయ్యాల్సిన రంగు ఇంకెవరికో వేశాను. చివరికి మీకా పిన్ని వంటింటికి పోయాను. ఆవిడ అమ్మ చెల్లెలు, అరవై దాటింది, జబ్బు ఆవిణ్ణి ముట్టుకోకుండా వదిలేసింది. బ్రూనో, ఇమ్మా అక్కడే ఉన్నారు, నలుగురం ఎండు మిరపకాయలు దారానికి గుచ్చుతూ కూర్చున్నాం. విషయం చెప్పాను. నాకు తట్టింది కూడా చెప్పాను. వాణ్ణొక్కణ్ణే పిలవకుండా ఉండాలంటే అందరినీ పిలవాలి. అందరికీ ఒకేసారి తలనొప్పి రావాలి.

బ్రూనో నవ్వాడు. “నా పేరు మీద ఇంకో రెండు తలనొప్పులు రాసుకోండమ్మా. పోయేదానికి నా దగ్గర ఇంకేం మిగిలింది?”

ఇమ్మా నవ్వలేదు. ఆమె కింద పట్నంలో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, మరుపోళ్ళ పిల్ల అని అక్కడెవరికీ తెలియదు. మిరపకాయ కింద పెట్టి, “అబద్ధం చెప్పి స్కాన్‌లో పడుకున్నాక, నిజంగానే ఏదైనా కనబడితే?” అంది.

“కనబడదే,” అన్నాను. “మనకేం లేదు.”

“నీకు లేదు. నా సంగతి నీకెలా తెలుసక్కా?”

నేను ఇంకో మిరపకాయ అందుకున్నాను. మీకా పిన్ని మాత్రం దారం కొరికి, సూది గోడకి గుచ్చి, ఇదిగో ఇమ్మా, నీకిష్టం లేకపోతే మానెయ్, ఎవరూ ఏమీ అనుకోరు అంది. అలా అనేశాక ఎవరు మాత్రం మానగలరు? ఇమ్మా కూడా సరేనంది. మర్నాడు పొద్దున పిన్నే ఆసుపత్రికి ఫోన్ చేసి, మా పిల్లలకు ఆ సంచులు ఎక్కించినప్పట్నుంచీ తలలు పగిలిపోతున్నాయి తల్లీ అని నర్సు పీనా దగ్గర శోకాలు పెట్టింది. పీనా కంగారుపడి సవేరియోకి కూడా ఫోన్ చేసింది. మీ వాళ్ళందరికీ నొప్పులట, మీకెలా ఉంది అని అడిగితే వాడు కొంచెం ఉందండీ అన్నాడట. నేను ఆశించింది ఆ ఒక్క మాటే. ఆ సాయంత్రం వాడు మా ఇంటికొచ్చి, “నీక్కూడానా అక్కా?” అని అడిగి, అవునంటే గుమ్మంలోనే కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. వాడి మొహంలో అంత నెమ్మది చూసి చాలా రోజులైంది. మంచి పని చేశాననుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే నలుగురినీ పిలిచారు. పిన్ని కూర గిన్నెతో సహా వచ్చింది. స్కాన్ గొట్టంలో ఒకరి తరువాత ఒకరం పడుకుని, గుండీల్లేని గౌన్లతో వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మా ఎదురుగా గోడ మీద కొళాయి నీళ్ళు తాగరాదు అని రాసి ఉంది. నాలుగేళ్ళుగా చదువుతున్నాం. ఒక్కొక్కళ్ళనే డాక్టర్ లోపలికి పిలుస్తోంది. బ్రూనో వెళ్ళి వచ్చి పెదవి విరిచాడు, పాతదే తప్ప కొత్తదేమీ లేదట. ఇమ్మా వచ్చి పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఏమీ లేదని దాని నిద్రే చెప్పింది.

సవేరియో లోపలికి వెళ్ళినంతసేపూ నేను గోళ్ళు కొరుకుతూనే ఉన్నాను. తలుపు తెరుచుకుని వాడు బయటికొచ్చాడు. నా పక్కన కూర్చుని చెవిలో చెప్పాడు. “ఏం లేదక్కా. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానట. దవడ పట్టేసి తలకెక్కుతోందట. పళ్ళ డాక్టర్‌కి చూపించుకోమంది.” దేవుడా, ఇన్నాళ్ళ తరువాత ఒక్క మంచి మాట అనుకుని, నా పేరు పిలిస్తే దాదాపు గెంతుతూ లోపలికి వెళ్ళాను.

డాక్టర్ స్కాలీజే కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. ఒకే ఇంట్లో నలుగురికి ఒకేసారి నొప్పంటే మందులోనే తేడా అనుకుని, ఆ విడత సంచుల్ని అన్ని ఆసుపత్రుల్లోనూ ఆపించిందట. వేరే దేశాల్లో కూడా. మాలాంటి కుటుంబాలే, మాలాగే బస్సులెక్కి వచ్చి, సూది లేకుండా తిరిగిపోయాయట. మా తమ్ముడి కోసం ఆడిన నాటకం అంత దూరం పోతుందని నేను అనుకోలేదు.

ఆవిడ తెర నా వైపు తిప్పి, తల వెనక భాగంలో పొగలా ఉన్న తెల్లటి మచ్చ చూపించింది. నొప్పి ఎప్పట్నుంచి అని అడిగింది.

“నొప్పి లేదండీ.”

“ఉందన్నారు కదా?”

“అబద్ధం చెప్పాం. అందరం. తమ్ముడి కోసం.”

డాక్టర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, అరచేతులతో కళ్ళు నలుపుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టే ఓపిక కూడా ఆవిడకు లేదు. నెమ్మదిగా అంది.

“నొప్పి లేకుండా కూడా వస్తుంది దొనాతా, వాపు. మీరా అబద్ధం చెప్పకపోయుంటే మామూలు స్కాన్ ఇంకా మూడు నెలలకి. ఈలోగా నా చేతులతో నేనే మళ్ళీ మళ్ళీ ఎక్కించేదాన్ని.”

ఆ తరువాత చెప్పాల్సింది ఇద్దరికీ తెలుసు. మందు నా తలలో పని చేస్తోంది, అంటే అది ఊడ్చాల్సినవి నా తలలో ఉన్నాయి. నాకు నలభై ఒకటి. అమ్మ ఉప్పు మర్చిపోయిన వయసుకు ఇంకెంత దూరమో లెక్క వెయ్యబోయి, మానేశాను. నా లెక్కలు ఎప్పుడు సరిగ్గా వచ్చాయి గనక?

తమ్ముడి విషయం అడిగాను. అతని ఫలితం గురించి మీతో మాట్లాడకూడదు అంది ఆవిడ, కానీ స్కాన్‌లో ఏమీ లేకపోతే రక్తంలో ఏమీ లేనట్టు కాదని ఆ మాట మాత్రం మీ అందరికీ చెబుతున్నా అంది. నాకు ఎక్కించడం ఆపుతున్నామనీ, నెల తరువాత మళ్ళీ స్కాన్‌కి రావాలనీ చెప్పి, నన్ను గుమ్మం దాకా సాగనంపింది. ఎవరినీ ఆవిడ గుమ్మం దాకా సాగనంపదు. బెంచీ మీద వాళ్ళంతా అది చూశారు.

పిన్ని నా మొహం ఒక్కసారి చూసి, గిన్నె మూత బిగించే పనిలో పడింది. సవేరియో కూడా చూశాడు. చూసి జేబులోంచి ఫోన్ తీశాడు. అవతల లొరెదానా. వాడు లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాడు.

“అందరికీ ఆపేశారు లొరే. ఆ, నాక్కూడా. లేదు, ఎవరో ఒక్కరికే కాదు. అందరికీ వాపుందట.”

ఇమ్మా లేచి కూర్చుంది. బ్రూనో తల దించుకుని, అవును అందరికీ అన్నట్టు గట్టిగా దగ్గాడు. వాళ్ళు నా చుట్టూ గోడ కడుతున్నారు. నేను వాడి కోసం కట్టిన గోడే, అవే ఇటుకలతో. వసంతంలో పెళ్ళి పెట్టుకుని, నిమిషం కిందట దవడ నొప్పి తప్ప ఏమీ లేదని తెలిసినవాడు, తన నోటితో తన తల మీద మచ్చ పెట్టుకుంటున్నాడు. ఆ క్షణంలో వాడి మీద ఎంత ప్రేమ వచ్చిందో, అంత కోపమూ వచ్చింది. ఇంకెన్నాళ్ళు? ఎన్ని వంటిళ్ళలో కూర్చుని ఎవరెవరి కోసం అబద్ధాలు గుచ్చాలి? నాకు ఓపిక అయిపోయింది. ధైర్యం వచ్చిందని చెప్పను, ఓపిక అయిపోయింది, అంతే.

వాడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

“లొరెదానా, నేను దొనాతాని. వాడు చెప్పేది నమ్మకు. వాడి తలలో ఇవాళ ఏమీ కనబడలేదు. రక్తంలో ఉందో లేదో ఎవరికీ తెలీదు, వాడికీ తెలీదు. ఉన్నది నాకు. అమ్మకున్నదే. మీ నాన్నకి కూడా చెప్పు, వచ్చే ఆదివారం వాణ్ణి అడగక్కర్లేదు, నన్ను అడగమను.”

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. “సరే వదినా,” అంది లొరెదానా. “మీరు నలుగురూ ఇంటికొచ్చెయ్యండి.”

నాన్నకు చెబుతుందో లేదో, పెళ్ళి నిలబడుతుందో లేదో నాకు తెలియదు. ఫోన్ తిరిగి ఇస్తుంటే సవేరియో తీసుకోలేదు. చిన్నప్పుడు అమ్మ మొదటిసారి వాణ్ణి పట్టుకుని ఎవరి పిల్లాడివిరా అని అడిగిన రోజు ఏడ్చినట్టు, గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు. మీకా పిన్ని నా భుజం మీద చరిచింది.

“ఎందుకు చెప్పావే? మేం చూసుకునేవాళ్ళం కదా.”

“అలిసిపోయాను పిన్నీ.”

ఆ జబ్బు నాకుంది అన్న మాట మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ పైకి అనలేదు. అమ్మ అనలేదు, పెద్దమ్మ అనలేదు, బ్రూనో కూడా అనలేదు, అతని గురించి ఊరే అంది. అనేశాక మనసు తేలికపడిందంటే అబద్ధమే అవుతుంది. భయమేసింది, బెంచీ మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఇమ్మా వచ్చి నా గౌను నాడాలు విప్పి, చలికి వణుకుతున్న నాకు స్వెట్టర్ తొడిగింది. అందరం కారెక్కాం.